వీరప్ప సేటు కట్టిన అంతరిక్ష నౌక

ఎండాకాలం మధ్యాహ్నం వికారాబాదులో ఎవరింటికి వెళ్లినా, వాకిట్లో చెప్పులు విడిచి లోపలికి అడుగు పెట్టగానే అరికాళ్లకు నాపరాయి చల్లగా తగులుతుంది. ఆ చల్లదనానికి వేరేవాళ్లకు ఏం గుర్తొస్తుందో తెలియదు గానీ నాకు మాత్రం అంతరిక్షం గుర్తొస్తుంది. ఈ మాట పైకి అంటే జనం అదోలా చూస్తారని ఇన్నాళ్లూ అనలేదు. మొన్న కొత్తగా కట్టిన ఒక ఇంటి కొలతలు తీసుకోవడానికి వెళ్లినప్పుడు మళ్లీ అదే జరిగింది. టేపు చేత్తో పట్టుకుని హాలు మధ్యలో నిలబడి నాలో నేనే నవ్వుకుంటుంటే, ఆ ఇంటావిడ గాబరాగా నీళ్లు తెచ్చి, "ఎండ తగిలినట్టుంది బిడ్డా, జర కూసో" అంది. కూర్చున్నాను. వీరప్ప సేటు సంగతి మొదలుపెడితే కొలతలు రేపటికి పడతాయని అక్కడ నోరు మూసుకున్నాను. ఇంటికి వచ్చాక రాయకుండా ఉండలేకపోయాను.

వీరప్ప సేటుది తాండూరులో బండల వ్యాపారం. గని నుంచి వచ్చిన నాపరాళ్లను కోయించి, నునుపు చేయించి అమ్మేవాడు. కొనడానికి వచ్చినవాళ్లకు రాతిముక్క చేతికిస్తే దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇల్లంతా పరిస్తే ఎలా ఉంటుందో తెలియక, ఆలోచించుకుని వస్తామని వెళ్లిపోయేవాళ్లు. అందుకని ఆయన ఒక కంప్యూటరు కొని, దాని ముందు నన్ను కూర్చోబెట్టాడు. నేను హైదరాబాదులో యానిమేషన్ నేర్చుకుని, అక్కడ పని దొరక్క తిరిగొచ్చినదాన్ని. వచ్చినవాళ్ల హాలు కొలతలు తీసుకుని, కంప్యూటరులో గది కట్టి, బండలు పరిచి, కిటికీలోంచి ఎండ పడేటట్టు చేసి బొమ్మ తీసి చూపించడం నా ఉద్యోగం. రోజూ వికారాబాదు నుంచి రైల్లో వెళ్లి వచ్చేదాన్ని. నవాబుపేట దగ్గర ఊళ్లో గొర్రెలు కాసుకునే మా నాన్న ఈ ఉద్యోగాన్ని అర్థం చేసుకోవడానికి చాలా ప్రయత్నించి, చివరికి అడిగిన వాళ్లందరికీ "మా బిడ్డ కంప్యూటర్ల బండలు పరుస్తది" అని చెప్పడం మొదలుపెట్టాడు. అంతకన్నా సరిగ్గా నేనూ చెప్పలేను.

సేటు కొన్నాళ్లు నా వెనక కుర్చీ వేసుకుని చూశాడు. ఒకరోజు మెల్లగా అడిగాడు.

"గిండ్ల బండలే పరుస్తరా బిడ్డా, వేరేయి గూడ చేస్తరా?"

"ఏదన్న చెయ్యొచ్చు సేటు."

"ఏదన్న అంటే?"

"ఇల్లు, బస్సు, ఏనుగు, రాకెట్టు..."

రాకెట్టు దగ్గర ఆయన చెయ్యెత్తి నన్ను ఆపాడు. మర్నాటికి దుకాణంలోకి రెండో కంప్యూటరు వచ్చింది.

అరవై దాటిన మనిషి. మౌసును చూస్తే బండకు పాలిష్ పట్టే రాయి అనుకునేవాడేమో, బల్ల అరిగేలా రుద్దేవాడు. ఫోనులో విదేశాలవాళ్లు పెట్టిన పాఠాలు చూసేవాడు, అదీ సౌండు తీసేసి. ఇంగ్లీషు రాదు కదా అని నేను అర్థం చెప్పబోతే, "మాటలతోని ఏం పని, ఆని చెయ్యి ఏడ పోతున్నదో సూడు" అనేవాడు. అలా చూసి చూసి మొదటి నౌక తయారుచేశాడు. పొడుగాటి పీపా ఒకటి చేసి, దాని రెండు చివరలూ నొక్కి, పక్కలకు రెక్కలు లాగాడు. ఎలా ఉందని అడిగితే, మిద్దె మీది నీళ్ల ట్యాంకుకు రెక్కలొచ్చినట్టుందని ఉన్నమాట చెప్పాను. ఆయన ఏమాత్రం నొచ్చుకోలేదు. "లోపల గాలి నిలువ ఉండాలె గద, ట్యాంకు లెక్కనే ఉండాలె" అన్నాడు. దాన్ని ఆయన నౌక అని ఎప్పుడూ అనలేదు. బండి అనేవాడు.

బండి లోపల నేల సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా తాండూరు నీలిరాయి పరిచాడు.

"గంత బరువు పైకెట్ల లేస్తది సేటు?"

"కంప్యూటర్ల బరువుంటదా?"

"ఉండదు."

"మరింకేంది?"

ఆ రాయికి ఆయన పెట్టిన నునుపు వల్ల నా ప్రాణం పోయేది. నేల అద్దంలా ఉంటే గదిలో ఉన్న ప్రతి దీపమూ, ప్రతి గోడా అందులో కనబడాలి. ఆ వెలుగులన్నీ లెక్కకట్టి బొమ్మ తేల్చాలంటే కంప్యూటరు కిందామీదా పడేది. బొమ్మ ఇసుక రాలినట్టు చుక్కలు చుక్కలుగా వచ్చేది. నునుపు కొంచెం తగ్గిద్దామని బతిమాలితే, "నా దుకాణంల పాలిష్ తక్కువ బండ దొరుకుతదా?" అని మీసం దువ్వేవాడు. ఇక అది తేలేవరకు ఇద్దరమూ పని మానుకుని దాని ఎదురుగా కూర్చునేవాళ్లం. కంప్యూటరు డబ్బా వేడెక్కి దాని వెనక నుంచి వడగాలి కొట్టేది. సేటు భార్య శరణమ్మ ఆ వేడిని ఒకసారి చేత్తో చూసి, మర్నాడు పాత చీర ముక్క మీద వడియాలు పెట్టుకుని తెచ్చి డబ్బా వెనక ఆరబెట్టింది. బాగా ఎండాయి కూడా.

ఒకసారి పరిగి నుంచి ఒకాయన కొత్త ఇంటికి బండలు చూడటానికి వచ్చాడు. ఆయన హాలు బొమ్మ చూపించబోయి, పక్కనే తెరిచి ఉన్న బండి బొమ్మ చూపించాను. గుండ్రటి కిటికీ, కిటికీలో చుక్కలు, కింద నీలిరాయి. ఆయన చుక్కల జోలికి వెళ్లలేదు. "గా బండనే ఇయ్యండి, మస్తున్నది" అన్నాడు. తీరా ఇది తన హాలు కాదని తెలిశాక సేటు వైపు తిరిగాడు.

"ఇది ఎవరికన్న అమ్ముతవా సేటు?"

"ఇది అమ్మకానికి గాదు."

"మరి దీంతోని ఏమొస్తది?"

"ఏం రాదు" అన్నాడు సేటు.

కందిగింజ కింద పడితే వంగి తీసే బజారులో, పుట్టినప్పటి నుంచి తూకమూ ధరా తప్ప వినని మనిషి, ముఖం వెలిగిపోతూ ఆ మాట అన్నాడు. చిన్నప్పటి నుంచి నేను బొమ్మ గీసినప్పుడల్లా ఎవరో ఒకరు అడిగిన ప్రశ్న అదే. ఏమొస్తుందో చెప్పలేక కాగితం మడిచి సంచిలో పెట్టేసుకునేదాన్ని. దానికి జవాబు ఇంత చిన్నదని, దాన్ని నవ్వుతూ చెప్పవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.

అయితే ఏమీ రాదన్న ఆయనకూ ఒకటి కావాలి. అది శరణమ్మ నోటి నుంచి రావాలి. ఆ బండిలో కూర్చుంటానని ఆమె ఒక్కసారి అనాలి. దాని వెనక పెద్ద కథేం లేదు. పెళ్లయిన కొత్తలో ఆమె ఎక్కడికైనా తీసుకెళ్లమని అడిగేది, ఈయన సరేననేవాడు. బయల్దేరే రోజుకు గని దగ్గర నుంచి లారీ వచ్చి నిలబడేది. లారీ ఖాళీ అయ్యాక చూద్దామనేవాడు. అలా అలా ఆమె అడగడం మానేసింది. ఈ సంగతి ఆయనే నాకు చెప్పాడు, చెబుతున్నంతసేపూ తెర మీద బండిలోని ఒక మరను తిప్పుతూ కూర్చున్నాడు. "ఇప్పుడు మోకాళ్లు పోయినయి. బస్సు గూడ ఎక్కలేను. గిదొక్కటే ఉన్నది బిడ్డా" అన్నాడు.

శరణమ్మ రోజూ మధ్యాహ్నం జొన్నరొట్టెల డబ్బా పట్టుకుని దుకాణానికి వచ్చేది. ఆమె పుట్టిల్లు సరిహద్దుకు అవతల, కన్నడదేశం. అక్కడి పద్ధతో ఆమె పంతమో తెలియదు, భర్తతో నేరుగా మాట్లాడేది కాదు. ఆయన ఎదురుగానే ఉన్నా అంతా నాతోనే అనేది. ఆయన తెర మీద బండి తిప్పి చూపిస్తాడు, ఆమె నడుం మీద చెయ్యి వేసుకుని చూస్తుంది, తీర్పు నాకు వినిపిస్తుంది.

"మీ సేటునడుగు, వంటిల్లు ఏడున్నది?"

వంటిల్లు వచ్చింది. మరుసటి వారం:

"మీ సేటునడుగు, వంటింటికి కిటికీ లేకుంటే పొగెట్ల పోతది?"

కిటికీ వచ్చింది. దాని మీదికి పొగగొట్టం కూడా వచ్చింది. నేను నోరు తెరవబోతే సేటు కళ్లతోనే వద్దన్నాడు. దేవుడి గూడు వచ్చింది, రోలు వచ్చింది, తులసికోట వచ్చింది. శరణమ్మ అన్నీ ఒక్కొక్కటిగా చూసింది. సేటు నోట్లో రొట్టెముక్క అలాగే ఉంది.

"అంతా మంచిగనే ఉన్నది. పక్కింటోళ్లు ఎవలు? పొద్దంత మీ సేటు మొకమే సూసుకుంట కూసోవాలెనా నేను? బ్యాడ" అంది. బ్యాడ అంటే ఆమె భాషలో వద్దని. ఆ మాట వచ్చిందంటే ఇక అప్పీలు లేదు.

సేటు రెండు రోజులు దిగులుగా తిరిగి, మూడో రోజు పక్కింటిని కట్టడం మొదలుపెట్టాడు. అంటే ఇంకో బండి. రెండింటికీ నడుమ చిన్న వంతెన, అటువైపు అరుగు. అరుగు మీద చేట ఒకటి పెట్టాడు, మాట్లాడుకుంటూ కందులు చెరుక్కోవడానికి. శరణమ్మ ఆ చేటను చాలాసేపు చూసి, ఖాళీ రొట్టెల డబ్బా తీసుకుని వెళ్లిపోయింది. "బ్యాడ అన్లేదు" అని ఆమె వెళ్లాక సేటు నాతో గుసగుసగా అన్నాడు. ఆ మధ్యాహ్నం ఇద్దరికీ చాయ్ తెప్పించాడు.

ఆ హుషారులోనే బొమ్మను నలుగురికీ చూపిద్దామన్నాడు. ఇలాంటి నౌకలు సరదాకు తయారుచేసేవాళ్ల గుంపు ఒకటి ఇంటర్నెట్టులో ఉండేది, దేశదేశాలవాళ్లు అందులో బొమ్మలు పెట్టుకునేవాళ్లు. నేను పెట్టాను. నీలిరాయి మీద పడిన వెలుగును చాలామంది మెచ్చుకున్నారు, ఎలా తీశావని అడిగారు. ఒకడు మాత్రం తలుపు బయట ఆ రెండు నల్లటి వస్తువులేమిటని అడిగాడు.

అవి సేటు చెప్పులు. మడమ దగ్గర అరిగినవి, కుడికాలి పట్టీ కుట్లతో సహా. తలుపుకు గడప, గడప బయట చెప్పులు, చెప్పుల కింద చుక్కలు.

నేను జవాబు రాశాను. వాళ్లు నవ్వుతున్న బొమ్మలు పెట్టి, అక్కడ గాలీ బరువూ ఉండవనీ, చెప్పులు కొట్టుకుపోతాయనీ, లోపల పెట్టమనీ అన్నారు. చదివి వినిపిస్తే సేటు కోపంతో కుర్చీలోంచి లేచాడు.

"చెప్పులతోని ఇంట్లకొస్తరా ఆళ్లు? లోపల దేవుని గూడున్నది!"

"గట్లగాదు సేటు, బయట నిలువయి అంటున్నరు."

"అయస్కాంతం పెట్టినమని రాయి." రాశాను. ఆయన మళ్లీ కూర్చుని, కోపం తగ్గాక ఇంకోటి రాయమన్నాడు. "బయట చెప్పులుంటేనే లోపల మనుషులున్నరని ఎరుక. లేకుంటే అది ఉత్త డబ్బా." అదీ రాశాను. దానికి ఎవరూ నవ్వలేదు.

"అమ్మవి గూడ పెడదామా సేటు?" అని అడిగాను. ఆయన జత పక్కన ఇంకో జతకు చోటు వదిలి ఉంది.

"ఆమె వస్తనన్ననాడు పెడదం. అడగకుంట ఒకరి చెప్పులు మన గడప ముంగట పెట్టుకుంటే ఎట్ల?" అన్నాడు.

ఆ వానాకాలం ఆయన పోయాడు. పొద్దున్న ఛాతీలో నొప్పన్నాడట, ఆసుపత్రి చేరలేదు. నాకు ఎవరు చెప్పారో, నేను రైలు ఎలా ఎక్కానో గుర్తులేదు. బాగా ఏడ్చాను. ముందెప్పుడో మా నాన్న కోసం ఏడవాల్సింది కూడా అప్పుడే ఏడ్చేశానేమో అనిపించింది.

దుకాణం మళ్లీ తెరిచిన కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం శరణమ్మ వచ్చింది. చేతిలో రొట్టెల డబ్బా ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు పట్టుకుని నిలబడి, చివరికి నా బల్ల మీద పెట్టింది. సేటు కుర్చీలో కూర్చుని, బండి చూపించమంది.

చూపించాను. వంటిల్లు చూసింది, కిటికీ చూసింది. అరుగు మీద చేటను దగ్గరకు తెమ్మంది. బొమ్మను నెమ్మదిగా తిప్పుతూ తలుపు బయటకు తెచ్చాను. గడప ముందు ఒక్క జత చెప్పులు.

"నాయేవి?"

"మీరు వస్తనన్ననాడు పెడదమన్నడు అమ్మా."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆ తర్వాత, ఆయన ఎదురు కుర్చీలో ఉన్నప్పుడు మాట్లాడే గొంతుతోనే నాతో అంది.

"మీ సేటుకు చెప్పు, వస్తనన్న అని."

లేచి వాకిట్లోకి వెళ్లి తన చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చి, కొలతలు తీసుకొమ్మని బల్ల మీద పెట్టబోయింది. పెట్టబోయి ఆగింది. పాతవి, వేలి దగ్గర తెగి పిన్నీసు పెట్టి ఉన్నాయి.

"కొలత ఇదే వెట్టు. గాని కొత్తయి చెయ్యి. మొదటిసారి పోతున్న గద" అంది.

కొత్తవే చేశాను. ఎర్ర పట్టీలు ఆమె చెప్పిన రంగే. నునుపు ఏమాత్రం తగ్గించకుండా కంప్యూటరును వదిలాను. బొమ్మ చుక్కలు చుక్కలుగా తేలుతుంటే ఇద్దరం రొట్టెలు తిన్నాం. మధ్యలో ఒకసారి ఆమె, "అయస్కాంతం వెట్టినవా?" అని అడిగింది. పెట్టానన్నాను.

ఇప్పుడు నేను వికారాబాదులోనే ఇళ్ల బొమ్మలు తీస్తున్నాను. ఎవరింటి బొమ్మ తీసినా తలుపు బయట చెప్పులు పెడతాను. వీటితో ఏమొస్తుందని అడుగుతారు, ఏం రాదంటాను. మొన్న కొలతలు తీసిన ఇంటికీ పెట్టాను. పని అయ్యాక ఎప్పటిలాగే ఆ పాత బొమ్మ తెరిచి కాసేపు చూశాను. అందులో మనిషి ఆకారం ఎక్కడా లేదు. నీలిరాయి మీద వెలుగు పడుతోంది, వంటింటి కిటికీ తెరిచి ఉంది, గడప బయట రెండు జతలున్నాయి.