టైపు వదిన ఇంట్లో బ్రెయిలీ ప్రింటర్

ముప్పై ఒక్క ఏళ్లు ఆఫీసులో టైపిస్టుగా చేసిన ఆవిడను వీధంతా టైపు వదిన అంటుంది. మొదట అలా పిలిచింది మాత్రం ఆవిడ ఆడపడుచు. ఆ ఆడపడుచుకు పుట్టుకతోనే చూపు లేదు. ఒక పెద్ద ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటర్. సూపర్‌వైజర్ పరీక్ష రెండుసార్లు రాసి, రెండుసార్లూ నాలుగైదు మార్కుల తేడాతో తప్పింది. పరీక్ష పుస్తకం బ్రెయిలీలో దొరకదు కాబట్టి ఎవరో ఒకరు చదివిపెడితే విని రాసింది. ఇక మిగిలింది మూడో అవకాశం, అదే ఆఖరిది. అందుకే వదిన రిటైరవగానే ఒక పాత బ్రెయిలీ ప్రింటర్ సంపాదించి, పుస్తకమంతా తానే టైపు చేసింది. ఆ ప్రింటర్‌కు సిరాతో పనిలేదు. దళసరి కాగితం మీద టకటకా చుక్కలు పొడుస్తుంది. ఆ చప్పుడు పక్కింటికీ వినబడుతుంది.

పరీక్ష పది రోజులుందనగా, ఇంకా నూట నలభై పేజీలు అచ్చు కావలసి ఉండగా, కంప్యూటర్ తనంతట తాను కొత్తదైపోయింది.

నిజానికి నెల రోజులుగా అది చెవిలో జోరీగలా పోరుతూనే ఉంది. కొత్త సిస్టమ్ వేసుకోమని తెర మీద ఒక పెట్టె వచ్చేది. అందులో ‘ఇప్పుడు’ అని ఒక బటన్, ‘తర్వాత’ అని ఇంకొకటి. ‘వద్దు’ అనేది మాత్రం లేదు. కాదనే వీలివ్వకుండా అడగడాన్ని అడగడం అనరు, కానీ దానికి చెప్పేదెవరు? వదిన రోజూ ‘తర్వాత’ నొక్కుతూ వచ్చింది. ఆ ఉదయం పాలు పొంగుతున్నాయని లేచి వెళ్లి వచ్చేసరికి, ఆ ‘తర్వాత’ అనేది రానే వచ్చింది. మూడు గంటలు నీలం తెర. ఆపైన రంగురంగుల బొమ్మలు, స్వాగతాలు. ఇన్నాళ్లూ పక్కనే ఉన్న ప్రింటర్ ఎవరో మాత్రం దానికి తెలియదట.

ఫోన్లు చేసీ చేసీ వదినకు తల ప్రాణం తోకకొచ్చింది. ఆ మోడల్ తయారీ మానేసి చాలా ఏళ్లయిందని ప్రింటర్ కంపెనీ వాళ్లు చేతులెత్తేశారు. పాత సిస్టమ్‌కు వెనక్కి వెళ్దామంటే కంప్యూటర్ సగంలో మొరాయించింది. ఆఫీసులో ఏ అధికారి చేతా మాట పడని మనిషికి, తన ఇంట్లో, తన బల్ల మీద ఉన్న వస్తువే ఎదురుతిరిగింది. కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. ఏమని చెప్పాలో తెలియక రెండు రోజులు ఆడపడుచు ఫోనే ఎత్తలేదు.

చప్పుడు ఆగిపోయిందేమని మూడో రోజు పక్కింటి లిఫ్టు బాబాయి వచ్చాడు. ఆయన జీవితమంతా లిఫ్టులు తనిఖీ చేసి రిటైరైన మనిషి. కథంతా విని జాలిపడకపోగా కుళ్లుకున్నాడు. ఆయనకు కావలసిందే ఆ కొత్త సిస్టమ్. అది లేకపోతే ఆయన చదరంగం ఆట తెరుచుకోదు. వేసుకుందామంటే, ఈ కంప్యూటర్‌కు అర్హత లేదని తెర మీద వస్తోంది.

“ఎన్ని లిఫ్టులకు అర్హత పత్రాలు రాసిచ్చానమ్మా! నాకు అర్హత లేదంటుందా అది?” అన్నాడు.

కళ్లు తుడుచుకుంటున్న వదిన చెయ్యి ఆగింది. “అయితే బాబాయ్, మీ దాంట్లో ఇంకా పాతదే ఉందా?”

అరగంటలో రెండు కంప్యూటర్లూ ఇళ్లు మారాయి. వచ్చినదానికి ఇంటర్నెట్ తీగ తగలనివ్వలేదు వదిన. టైపు చేసినదంతా పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఎక్కించింది. ప్రింటర్‌తో ఇచ్చిన సీడీ డ్రాయర్ అడుగున దొరికితే అదీ ఎక్కించింది. సాయంత్రానికల్లా చుక్కలు పడ్డాయి. గోడ అవతల బాబాయి మొదటి ఆటలోనే ఓడిపోయి, ఆ కంప్యూటర్‌కు వదిన దగ్గరే పొగరు అబ్బిందని వీధంతా చెప్పుకొచ్చాడు.

పరీక్ష నాలుగు రోజులుందనగా ఆడపడుచు వచ్చి చివరి కట్ట అందుకుంది. అక్కడే కుర్చీలో కూర్చుని, కాగితాలు ఒళ్లో పెట్టుకుని చదవసాగింది. వదిన వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. వేళ్లు ఒకచోట ఆగాయి. లైను మొదటికి వెళ్లాయి. ఇంకో రెండుసార్లు అక్కడే ఆగి మొదటికొచ్చాయి. వదిన గబుక్కున దగ్గరికొచ్చింది.

“ఏమైందే? చుక్కలు సరిగ్గా పడలేదా?”

“పడ్డాయి వదినా. కష్టమైన లైను, నాలుగుసార్లు చదివాను,” అంది ఆడపడుచు తలెత్తకుండానే. “ఇన్నేళ్లూ రెండోసారి చదవమని అడగాలంటేనే మొహమాటంగా ఉండేది.”

ఆడపడుచు వేళ్లు ఐదోసారి లైను మొదటికి వెళ్లాయి.