క్రూసిబుల్ మూత మీద సిందూరం

దుర్గాభవాని మా విజయనగరం కాలేజీలో పరిశోధన చేస్తుంది. కళింగపట్నం దగ్గర సముద్రంలో చేపల వేటకు వెళ్లేవాళ్ల బిడ్డ. నేను ఆ ల్యాబులో గాజుసామాను కడిగే కాంట్రాక్టు మనిషిని. చలికాలం నా వేళ్లు పగిలితే, "నువ్వు కూకో అప్పా" అని మా వైపు అక్కను పిలిచినట్టు పిలిచి, తన బీకర్లు తానే కడుక్కునేది. స్వామి దయ కాకపోతే అలాంటి పిల్ల మా ల్యాబుకే ఎందుకు రావాలి?

ఆమె చేసేది జిర్కోనియా పొడి. ఉప్పులాంటి మందును నీళ్లలో కరిగించి అమోనియా చుక్కచుక్కగా వేస్తే, విరిగిన పాలలా తెల్లటి ముద్ద దిగుతుంది. దాన్ని కడిగి, ఆరబెట్టి, క్రూసిబుల్ అనే చిన్న గిన్నెలో మూతపెట్టి ఫర్నేసులో కాల్చాలి. ముగ్గుపిండి కన్నా మెత్తని పొడి వస్తుంది.

మొన్న దసరా అయ్యాక తీసిన పొడిలో పసుపు మచ్చలు కనబడ్డాయి. సోమవారానికి పొడిని పరీక్షకు పంపాలి. మందు ఇంకొక్క విడతకే ఉంది.

"అమోనియా ఎక్కువైపోనాదేమో. కొలతలన్నీ మార్సేస్తాను" అంది నీరసంగా.

ఆయుధపూజ నాడు ఫర్నేసుకూ, తక్కెడకూ, ఆఖరికి క్రూసిబుల్ మూతలకూ సిందూరం బొట్లు పెట్టింది నేనే. చెబితే పని పోతుందేమో. చెప్పకపోతే ఆ పిల్ల సరైన కొలతను తప్పనుకుని, ఉన్న మందూ పోగొట్టుకుంటుంది. రామతీర్థం రాముణ్ని తలచుకుని మూత తెచ్చి ఆమె ముందు పెట్టాను.

"కొలత మార్సకమ్మా. ఇది సూడు. బొట్టు నానే ఎట్టినాను."

బొట్టున్న చోట ఎరుపు కాలి పసుపు మరకయింది. గోటితో గీకితే పసుపు రజను రాలింది. అది చూసి దుర్గాభవాని నవ్వింది.

"బతికించినావప్పా. నా సెయ్యి తప్పు కాదన్నమాట. అయినా బొట్టెడితే ఫర్నేసు సల్లబడుతుందనుకున్నావేటి?"

మా ల్యాబు పెద్ద ధనరాజ్ సారు మచ్చలెందుకు వచ్చాయని అడిగితే, "మూత చూసుకోలేదు సార్, నాదే తప్పు" అంది. నేను నోరు తెరవబోతే కాలు తొక్కింది.

శనివారం అవే కొలతలతో, కొత్త మూతతో మళ్లీ మొదలుపెట్టాం. ముద్ద అడుక్కి దిగేదాకా ఆగడం, తేట వంచడం, మళ్లీ నీళ్లు పోయడం. ఉప్పు ఇంకా మిగిలిందేమో చూసే పరీక్ష చుక్క తేటలో వేస్తే తెల్లగా మసకబారినంతసేపూ కడిగాం. ఎనిమిదోసారికి మసక రాలేదు. శనివారం నేను నీసు తిననని గుర్తుంచుకుని, ఆ రోజు తన డబ్బాలో పప్పే తెచ్చింది. సగం నాకు పెట్టింది.

ఆదివారం పొద్దున్న ఫర్నేసు తెరిచాం. పొడి అంతా తెల్లగా ఉంది. ఎక్కడా మచ్చ లేదు.

దుర్గాభవాని నా సిందూరం పొట్లం తెమ్మని, ఫర్నేసు స్టాండు కాలు చూపించింది.

"ఇకమీదట ఈడ ఎట్టప్పా. ఈడనుంచి పొడిలోకి రాలదు."

వంగి బొట్టు పెట్టి దండం పెట్టాను. నా పక్కనే ఆమె కూడా దండం పెట్టింది.