అమ్మగారిని దించిన వరండా

పోయిన వారం మా పాత పాస్టరమ్మగారు ప్రభువు సన్నిధికి వెళ్లారు. మెదక్ దవాఖానాలో తెల్లవారుతుండగా ఊపిరి ఆగింది. కబురు వినగానే మా సంఘంలో ఆడవాళ్లందరికీ ఏడుపుతో పాటు ఒకటే దిగులు. ఆమెను ఏ ఇంటికి తీసుకురావాలి?

పెళ్లయి వచ్చింది మొదలు పాస్టరయ్యగారు రిటైరయ్యేదాకా ఆమె చర్చి ఇచ్చిన క్వార్టర్లలోనే బతికారు. మన సంఘాల ఆనవాయితీ మీకు తెలుసు. వంటకు బియ్యం తీసేటప్పుడు పిడికెడు పక్కన పెట్టి, ఆదివారం పాస్టరుగారింటికి ఇస్తాం. సన్నవి, దొడ్డువి, రేషన్‌వి అన్నీ ఒకే సంచిలో పడతాయి. అందుకే అమ్మగారి అన్నం కొంత మెత్తగా, కొంత పలుకుగా ఉండేది. "సంఘమంత ఒక్క గిన్నెల ఉడుకుతుంది, ఒక్క తీరుగ ఎట్లయితది?" అని నవ్వేవారు.

ఒక సంఘస్థుడు నర్సాపూర్ రోడ్డులో ఇంటి జాగా ఇస్తానన్నప్పుడు అయ్యగారు వద్దన్నారు. "జాగ కోసం సేవకొచ్చిండు అంటరు" అన్నారు. ఆ మాటకు మేమంతా ఆయన్ను మరింత గౌరవించాం. ఆ రోజు వంటింట్లో చిక్కుడుకాయలు తుంచుతూ అడిగాను, "మీరన్న చెప్పకపోయిన్రా అమ్మగారూ?"

"ఏం చెప్పాలె? మీ అయ్యగారికి పరలోకంల భవనముందట. నాకు గీడ్నే చిన్న వంటిల్లుంటే సాలు."

ఇద్దరం నవ్వాం. తర్వాత ఆమె నేను తుంచినవాటినే మళ్లీ తుంచసాగారు.

రిటైరయ్యాక రెండు గదుల కిరాయి ఇంటికి మారారు. అక్కడికి వెళ్లినా టీ తాగకుండా పంపేవారు కాదు. కప్పులు చాలకపోతే గిన్నెల్లో పోసేవారు. జబ్బు ముదిరాక ఒకసారి నా చెయ్యి పట్టుకుని, "నన్ను రోడ్డు మీద పండవెట్టకుండ్రి బిడ్డా" అన్నారు. కిరాయి ఇంట్లోకి శవాన్ని రానివ్వరని ఆమెకు తెలుసు.

అలాగే అయింది. ఆ ఇంటామె చెడ్డ మనిషి కాదు. జబ్బులో జావ కాచి పెట్టింది. దవాఖానాకే వచ్చి, ఏడుస్తూ చేతులు జోడించింది. "తప్పు వట్టకుండ్రి అయ్యగారూ. బిడ్డ లగ్గం వెట్టుకున్నం. మావోళ్లు ఒప్పుకుంటలేరు."

అయ్యగారు ఆమెకు తిరిగి దండం పెట్టారు. బెంచీ మీద కూర్చుని, "ఆ జాగ నేనే వద్దన్న" అన్నారు నాతో. అంతే.

అప్పుడు, ఇప్పుడా క్వార్టర్‌లో ఉంటున్న కొత్త పాస్టరుగారి భార్య లేచింది. మా బిడ్డల వయసు పిల్ల. "క్వార్టర్‌కే తీస్కపోదాం" అంది.

"కమిటీని అడగాలె గదమ్మా" అన్నాడు ఒక పెద్దమనిషి.

"మీరు అడుగుండ్రి. అందాక నేను పోయి చాప పరుస్త."

అమ్మగారిని ఆ క్వార్టర్ వరండాలోనే దించాం. నిజాంపేట, శంకరంపేట నుంచి కూడా వచ్చారు. సాయంత్రం దాకా ఆమె చుట్టూ కూర్చుని పాటలు పాడాం. ఎవరూ తొందరపెట్టలేదు. అందుకు దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

సమాధుల దగ్గర నుంచి అందరం క్వార్టర్‌కే తిరిగి వచ్చాం. మేము కాళ్లు కడుక్కుని లోపలికి నడిచాం. అయ్యగారు మాత్రం గేటు దగ్గరే చెప్పులు విడిచి, చుట్టపుచూపుగా వచ్చిన మనిషిలా, లోపలి నుంచి ఎవరైనా పిలిచేదాకా మెట్టు కిందే నిలబడ్డారు.