హుస్నాబాద్ తొవ్వల పడ్డ నింద

నారాయణరావుపేట చుట్టుపక్కల ఊర్లకు ఉత్తరాలు, బ్యాంకు కవర్లు పంచే భూపతికి ఇరవై ఆరేండ్ల నౌకరిల సైకిల్ తప్ప ఇంకో బండి తెల్వది. మనిషి బక్కగ ఉంటడు గని పిక్కలు మాత్రం తాడు పేనినట్టుంటయ్. ఊర్లల్ల ఆయనను పేరు పెట్టి పిలిచేటోళ్లు తక్కువ. "ఓ పోస్టూ" అంటే పలుకుతుండె.

రెండేండ్ల కింద ఒక ఆదివారం పొద్దుగాల సిద్దిపేట నుంచి వచ్చిన పదిమంది సైకిళ్లోళ్లు ఊరి మలుపు కాడ ఆగి ఫోన్లల్ల తొవ్వ దేవులాడుకుంటున్నరు. అందరికీ హెల్మెట్లు, రంగురంగుల బనీన్లు. "అన్నా, చెరువుకట్ట మీదికెల్లి పోతే మెయిన్ రోడ్డు కలుస్తదా?" అని ఒకామె అటుకెల్లి వస్తున్న భూపతిని అడిగింది. ఆమె పేరు సాయిప్రియ, సిద్దిపేటల ఒక ప్రైవేటు కాలేజిల లెక్చరర్.

"కలుస్తది గని అమ్మా, కట్ట మీద కంకర పోసిన్రు. మీ సన్న టైర్లు ఆగయి. రాన్రి, ఇంకో తొవ్వల తీసుకపోత" అని భూపతి సైకిలెక్కిండు.

ఎత్తు మీద ఆయనను ఒక్కలు అందుకోలే. పైకి వచ్చినంక, ఆ గుంపును నడిపే పంటి డాక్టర్ వినయ్ రొప్పుకుంట అడిగిండు: "ఏం తింటవన్నా నువ్వు? గేర్లు లేని సైకిల్ మీద మా పానం తీస్తివి!"

"మక్క గట్క, సార్."

అందరు నవ్విన్రు. ఎక్కిరిచ్చే నవ్వు కాదది. భూపతి సుత నవ్విండు.

మరుసటి ఆదివారం ఆయనే చీకటితోని లేచి, సిద్దిపేటల ఆ గుంపు జమయ్యే కోమటి చెరువు కాడికి పోయి నిలబడ్డడు. ఇంటామె ఎల్లవ్వ గులిగింది: "వారమంత తొక్కింది సాల్తలేదా? ఇంకింత తొక్కుతవా?"

"అది కొలువు తొక్కుడే. ఇది సంబురం."

నిజంగనే సంబురం. ఎదురుగాలి కొడితే ఒకరెనుక ఒకరు అంటుకొని ఎట్ల పోవాలె, ముందటోళ్లు అలిసిపోతే ఎట్ల మారాలె, గుంత కనపడితే చెయ్యి లేపి ఎనుకోళ్లకు ఎట్ల చెప్పాలె, అన్నీ ఆయనే నేర్పిండు. మధ్యల ఏదన్న హోటల్ కాడ ఆగి, డాక్టర్, లెక్చరర్, దుకాణపోళ్లు, పోస్టాయన ఒక్క బల్ల మీద కూసొని చాయ తాగుతుండ్రి. ఫోన్ల గ్రూపుల ఆయన పేరెక్కిచ్చిన్రు. ఒక వారం జరమొచ్చి పోకుంటె "భూపతన్న ఏడి?" అని ఏడుగురు అడిగిన్రు. ఉత్తరం కోసం కాకుంట తన కోసమే మంది ఎదురుచూసుడు ఆయనకు కొత్త. ఆ మెసేజులు ఎల్లవ్వకు రెండుసార్లు చదివి వినిపిచ్చిండు.

కొన్నాళ్లకు అరుణ్‌కుమార్ అని సిద్దిపేటల హార్డ్‌వేర్ దుకాణమాయన గుంపుల కలిసిండు. సైకిల్ ఖరీదుది, మనిషి ఉషారు. ఒక చేత హ్యాండిల్, ఒక చేత ఫోన్. తొక్కుకుంటనే వీడియోలు తీసుకునేటోడు.

"సారూ, మందిల పోయేటప్పుడు రెండు చేతులు హ్యాండిల్ మీదుండాలె" అని భూపతి రెండుసార్లు చెప్పిండు.

"నువ్వు ముందట చూసుకో పోస్టన్నా" అన్నడు అరుణ్‌కుమార్. నవ్వుకుంటనే అన్నడు గని మొకం మాడ్చుకున్నడు.

మొన్నటి చలికాలం ఇరవై నలుగురు హుస్నాబాద్‌కు బయలెల్లిన్రు. ఎదురుగాలి ఉన్నదని భూపతి ముందటున్నడు. ఎనుక అరుణ్‌కుమార్, ఆయన ఎనుక సాయిప్రియ. హుస్నాబాద్ ఇంకా కొద్ది దూరముందనంగ, పత్తి ట్రాక్టర్ ఒకటి చేన్లకెల్లి రోడ్డెక్కుతుంది. భూపతి చెయ్యి లేపిండు. నిమ్మలంగ ఆపుకుంట వచ్చిండు. అరుణ్‌కుమార్ ఫోన్ల తన మొకమే చూసుకుంటుండె. వచ్చి భూపతి ఎనుక చక్రానికి గుద్దిండు, రోడ్డు మీద పడ్డడు. భుజం బొక్క ఇరిగింది.

భూపతి తన తువాల తీసి ఆయన చెయ్యి మెడకు కట్టిండు. ఆటోను ఆపి, దవాఖాన దాక ఆయన తల తన తొడ మీద పెట్టుకొని పోయిండు. తొవ్వ పొడుగున "ఏం గాదు సారూ, ఏం గాదు" అనుకుంటనే ఉన్నడు.

దవాఖానల అందరు చేరినంక వినయ్ అడిగిండు: "అసలేమైంది?"

మంచం మీదున్న అరుణ్‌కుమార్ కండ్లు మూసుకొనే చెప్పిండు. "ముందటోడు ఒక్కసారే బ్రేక్ కొట్టిండు. చెయ్యి సుత లేపలే."

భూపతి సాయిప్రియ దిక్కు చూసిండు.

"నువ్వు ఎనుకనే ఉంటివి గదా?" అని వినయ్ ఆమెనడిగిండు.

ఆమె నీళ్ల సీస మూత తిప్పుకుంట నిలబడ్డది. "నేను సరిగ్గ చూడలే" అన్నది.

ఆ సాయంత్రం గ్రూపుల మెసేజ్ పెట్టిన్రు. ఇప్పటిసంది గేర్ల సైకిల్, హెల్మెట్ ఉన్నోళ్లే రావాలె, పాత సైకిళ్లతోని అందరికి ప్రమాదం. ఎవరి పేరు రాయలే. రాయాల్సిన అవసరం సుత లేకుండె. దాని కింద ఒకరెనుక ఒకరు బొటనవేళ్లు పెట్టిన్రు. భూపతి వాటన్నిటిని చూసుకుంట పోయిండు. సాయిప్రియది సుత ఉండె.

ఆయన కూడబలుక్కొని ఒక్క మాట రాసిండు: "నేను చెయ్యి లేపిన." ఎవరు జవాబియ్యలే. తెల్లారి చూస్తె గ్రూపులకెల్లి ఆయనను తీసేసిన్రు.

నింద ఊర్లకు సుత పాకింది. కవరిచ్చి దస్కతు పెట్టిచ్చుకునే కాడల్ల "సిద్దిపేట సేటును పడగొట్టినవంట గదా పోస్టూ?" అని అడుగుతుండ్రి. మొదట్ల జరిగింది జరిగినట్టు చెప్పిండు. చెప్పినకొద్ది వాళ్లకు తమాష అయితుందని ఎరుకై, చెప్పుడు బంద్ చేసిండు.

రెండు నెల్లకు సాయిప్రియ ఒక్కతే స్కూటీ మీద పోస్టాఫీసు అరుగు కాడికి వచ్చింది. "అన్నా, నేను చూసిన. నువ్వు చెయ్యి లేపినవు. ఆయన ఫోన్లనే ఉండె. మా కాలేజి కమిటీల ఆయన మామ పెద్దమనిషి. నా నౌకరి ఇంకా పర్మనెంట్ కాలే..." అని ఆగింది.

"నాకెందుకు చెప్తున్నవమ్మా? నాకు ఎరుకే గదా. ఎరుక లేనోళ్లకు చెప్పు."

ఆమె తల వంచుకున్నది. "నన్ను మాఫ్ చెయ్యన్నా."

భూపతి కవర్లు ఊర్ల వారీగ సర్దుకుంటున్నడు. మాఫ్ చేసిన అనలే, చెయ్య అనలే. "ఎండ ముదురుతుంది. నాలుగూర్లు తిరగాలె" అని సంచి భుజాన ఏసుకున్నడు. ఆమె స్కూటీ తిప్పుకొని ఎల్లిపోయింది. గుంపుల మాత్రం ఎన్నడూ నోరిప్పలే.

ఇప్పుడు ఆ గుంపు అరవై మందయింది. భుజం కుదురుకున్న అరుణ్‌కుమారే దానికి పెద్ద. కొత్తోళ్లకు గాలి ఎదురైతే ఎట్ల పోవాలెనో ఆయనే నేర్పుతుండట. ఆదివారాలు వాళ్లు ఊరి మీదికెల్లి పోతరు. ఆ యాల్లకు భూపతి వాకిట్లకు రాడు.

ఎండకాలం దాటకముందే ఆయన ఎవరో వాడిన మోపెడ్ ఒకటి తెచ్చుకున్నడు. అడిగినోళ్లకు "మోకాళ్లు గుంజుతున్నయ్" అని చెప్తుండు. ఇరవై ఆరేండ్లల్ల ఆయన మోకాళ్లు ఒక్కనాడు నొయ్యలే. ఆ సంగతి ఎల్లవ్వకు ఎరుకే గని, ఎందుకని అడగలే.