కండెల కూలి

మా ఆయనకు తీరిక లేదు. ఆ సంగతి గద్వాలలో మా వీధికంతా తెలుసు. తీరిక లేదని చెప్పుకోవడానికి మాత్రం బోలెడంత తీరిక. అందుకే వనపర్తిలో చిన్న వ్యాపారులకు డబ్బు లెక్కలు నేర్పే క్లాసు పెట్టారని తెలియగానే నన్ను పంపాడు.

"నువ్వు ఖాళీగనే ఉంటవు గద, పోయిరా," అన్నాడు.

అప్పుడు నేను ఒక చేత్తో రాట్నం తిప్పుతూ, ఇంకో చేత్తో పోగు పట్టుకుని ఆయన మగ్గానికి కండెలు చుడుతున్నాను. అంటే, ఖాళీగానే ఉన్నానన్నమాట.

'తీరిక లేని వ్యాపారుల కోసం' అని బ్యానర్ కట్టిన ఆ క్లాసు పొద్దున మొదలై సాయంత్రం దాకా సాగింది. తీరిక లేని వ్యాపారులు ఒక్కరూ రాలేదు, వాళ్ల భార్యలం వచ్చాం. మైకు బాగానే పనిచేస్తున్నా మాస్టరుగారు అరిచే చెప్పారు. సరుకు ధర కట్టేటప్పుడు దాని మీద పనిచేసిన ప్రతి మనిషి కూలీ కలపాలట.

నేను చెయ్యెత్తాను. "ఇంటోళ్ల కూలి గూడనా సార్?"

"ముందు వెయ్యాల్సింది అదేనమ్మా," అన్నారు.

ఇంటికొచ్చి అదే చెప్పాను. మా చీర ధరలో పట్టు ఉంది, నూలు ఉంది, జరీ ఉంది, చీరలు కొనే సేటు వచ్చినప్పుడు తాగే చాయ్ కూడా ఉంది. నేనే లేను. మా ఆయన మగ్గం గుంటలో కూర్చునే నవ్వాడు.

"ఇంటి పనికి కూలేంది? రేపు కూర వండినందుకు గూడ బిల్లిస్తవా ఏంది?"

మా అత్త కూడా నవ్వింది. జన్మంతా కండెలు చుట్టిన మనిషి, కుడి భుజం పైకి లేవదు. నవ్వడానికి భుజంతో పనిలేదు కదా.

కొన్నాళ్లకు నా భుజం కూడా ఇంటి సంప్రదాయాన్ని పాటించింది. దవాఖానలో డాక్టరమ్మ నెలపాటు రాట్నం ముట్టొద్దంది. ముడితే చెయ్యి ఇక లేవదని మా ఆయన ఎదుటే చెప్పింది. ఆయనేమో అప్పటికే హైదరాబాదు సేటుకు పాత ధరకే చీరలు ఒప్పుకున్నాడు. కండెలు లేనిదే మగ్గం ఆడదు కాబట్టి పక్కింటామెను పెట్టుకున్నాడు. ఆమె శనివారం రాగానే కూలి అడిగింది. ఎంత అన్యాయం! చుట్టినందుకు డబ్బులడగడమేమిటి?

మరో శనివారం వచ్చేసరికి ఆయనకు నష్టం కళ్లబడింది. రాట్నం తెచ్చి నా మంచం పక్కన పెట్టాడు.

"జర మెల్లగ చుట్టరాదు? ఆమెకిస్తే మనకేం మిగుల్తలేదు."

నాకు కోపం కంటే ఏడుపే ఎక్కువ వచ్చింది. "ఇన్నొద్దులు నీకు మిగిలింది నా కూలే. ఇగ చెయ్యి గూడ కావాల్నా? నేను ముట్ట."

ఆయన వాకిట్లోకి వెళ్లి సేటుకు ఫోన్ చేశాడు. ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే పెడతాడు, ఆయన వ్యాపారం వీధికంతా వినపడాలి మరి.

"సేటూ, కూలి పెరిగింది. చీరకు జర ఎక్కువియ్యాలె."

సేటు పడీపడీ నవ్వాడు. "కూలేందన్నా? నేసేది నువ్వే గద. ఇంటి మగ్గం, ఇంటి పని. దానికి కూలేంది?"

ఎక్కడో విన్న మాటే. నా కడుపు చల్లబడాలి. చల్లబడలేదు. మగ్గం మీద వంగీ వంగీ ఆయన మెడ ఎలా పట్టేస్తుందో రోజూ నూనె రాసే నాకు తెలుసు.

ఆయన ఫోన్ నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. "ఇంటి పనైతే మీ ఇంట్లనే నేపిచ్చుకో," అని పెట్టేశాడు. సేటు మళ్లీ చేస్తాడో లేదో తెలియదు. ఆయన లోపలికొచ్చి, నా మంచం పక్కనున్న రాట్నం ఎత్తుకెళ్లి పక్కింటామె కూర్చునే చోట పెట్టాడు. తర్వాత వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"ఆ మాస్టరు ఏం చెప్పిండో, మొదటి సంది చెప్పు."

"నీకు తీరికుందా?" అన్నాను. తలూపాడు. "ముందుగాల ఇంటోళ్ల కూలి వెయ్యాల్నంట."

మా అత్త గడప దగ్గర కూర్చుని వింటోంది. ఎడమచేత్తో కుడి భుజం పట్టుకుని, "మరి నాది?" అంది.

దానికేం చెప్పాలో వనపర్తిలో ఎవరూ నేర్పలేదు.