పర్మిషన్ కాగితంలో చెలికత్తె

అబద్ధం రాయనని నేను జీవితంలో ఒక్కసారే అన్నాను. అనకూడని మనిషితో, అనకూడని రోజున అన్నాను.

అంతకు ముందు ఇరవై ఏళ్ళపాటు నేను రాసినవి అబద్ధాలే. బడిలో పిల్లలకు తెలుగు చెప్పుకుంటూ, తెనాలిలో ఒక చిన్న నాట్యమండలికి కార్యదర్శిగా ఉండేవాణ్ణి. హార్మోనియం కూడా నాదే. చుట్టుపక్కల ఊళ్ళలో తిరునాళ్ళు జరిగితే పౌరాణిక నాటకానికి పోలీసులు అనుమతి ఇచ్చేవారు. రికార్డింగ్ డాన్సుకు ఇచ్చేవారు కాదు. జనానికి కావలసింది రెండోది. అందుకని ఊరి పెద్దలు నా దగ్గరకు వచ్చేవారు. ఫలానా ఊళ్ళో భక్తిరస ప్రధానమైన నాటకం ఆడతామనీ, అందులో వేషం కట్టేవారు వీరనీ మండలి లెటర్‌హెడ్ మీద అర్జీ రాసి సంతకం పెట్టేవాణ్ణి. ఆ జాబితాలో చివరి పేరు ఎప్పుడూ ఒక్కటే. ఆ పేరు పక్కన ‘చెలికత్తె’ అని ఉండేది. మా నాటకంలో చెలికత్తె పాత్రే లేదు.

ఆమె డాన్సరు. వాల్‌పోస్టర్ల మీద ‘బొంబాయి క్యాబరే క్వీన్’ అని వేసేవారు. ఆమెది రేపల్లె. అప్పటికి విజయవాడ దాటి ఎరగదు. తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అన్నప్పుడు రాని తప్పు రేపల్లెను బొంబాయి అంటే వచ్చిందా అని మా డాన్సు కాంట్రాక్టరు వాదన.

ప్రదర్శనకు ఒక పద్ధతి ఉండేది. ముందు ప్రార్థన. తర్వాత రాజుగారి పద్యాలు రెండు, పట్టపురాణి పద్యాలు రెండు. పట్టపురాణిగా చీరాల నుంచి ఒక నటి వచ్చేది, మంచి గొంతు. బందోబస్తుకు వచ్చిన కానిస్టేబులు కుర్చీలో కూర్చుని టీ తాగి, నాటకం సవ్యంగా జరుగుతోందని రాసుకుని వెళ్ళిపోయేవాడు. అతని మోటారు సైకిలు మలుపు తిరగ్గానే రాజ్యం పడిపోయేది, టేపు మోగేది. అక్కడితో నా పని అయిపోయినట్టే. ఇంటికి వెళ్ళవచ్చు. నేను మాత్రం ‘ఏర్పాట్లు చూడటానికి’ మొదటి వరసలోకి వచ్చి కూర్చునేవాణ్ణి. ఇరవై ఏళ్ళూ ఏర్పాట్లు చూస్తూనే ఉన్నాను.

ఒకసారి తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే ఉదయం రైల్లో ఆమె నాకు ఎదురుగా కూర్చుంది. ఒళ్ళో ఏదో గోధుమరంగు బట్ట పెట్టుకుని కుట్లు వేసుకుంటోంది.

“ఏంటమ్మా అది?” అన్నాను.

“నా ఒళ్ళు మాస్టారూ,” అంది తల ఎత్తకుండా.

బనీను గుడ్డ అది. చిక్కటి టీ డికాక్షన్‌లో చిటికెడు పసుపు వేసి, అందులో నానబెట్టి, నీడన ఆరబెట్టేదట. మెడ నుంచి మణికట్ల దాకా, నడుము నుంచి మడమల దాకా అదే. దాని మీద తళుకుల బట్టలు. ఎర్ర లైటు పడితే అది ఒళ్ళు కాదని ఎవరూ కనిపెట్టలేరు. మూడు జిల్లాల మగవాళ్ళు ఏడాది పొడుగునా టీ కొట్ల దగ్గర చెప్పుకున్నది టీలో నానిన బనీను గుడ్డ గురించన్నమాట. నేను మొదటి వరసలో కూర్చున్నదీ దాని కోసమే.

ఆమె సంచిలో ఒక సుత్తి కూడా ఉండేది. ఎక్కడికి వెళ్ళినా పగలే స్టేజీ ఎక్కి, చెప్పులు విప్పి, బల్లల మీద అడుగడుగూ నడిచి చూసేది. కాలికి తగిలిన మేకునల్లా తనే దిగగొట్టేది. టేపు వేసే మనిషికి ఎక్కడ ఆపాలో, ఎన్ని అంకెలు లెక్కపెట్టి మళ్ళీ వెయ్యాలో వేళ్ళతో చూపించేది. మా రాజుగారు అదే సమయానికి నిద్రపోతుండేవాడు. అయినా కళాకారుడు అనే మాట మేము ఆయనకే వాడేవాళ్ళం.

ఆ రోజు రైల్లో, చాలాకాలంగా నాలో ఉన్న ప్రశ్న ఒకటి వేళాకోళంలా బయటపెట్టాను. “అంతమంది జనం ఉంటారు కదా. గిర్రున తిరిగినప్పుడల్లా నా వైపే చూస్తావేంటమ్మా?”

ఆమె సూది ఆపింది. “మీ వైపు కాదండి. మొదటి వరస వెనక గుంజకి ట్యూబ్‌లైట్ కడతారు కదా. తిరిగేటప్పుడు కళ్ళు ఒక్కచోట ఆనకపోతే తల తిరిగి పడిపోతాం. దాని కింద ప్రతి ఊళ్ళో ఎవరో ఒకరు కూచుంటారు. ఆనక ఇట్టాగే అడుగుతారు.”

మళ్ళీ కుట్టుకోసాగింది. నేను రేపల్లె వచ్చేదాకా కిటికీలోంచి పొలాలు చూశాను.

తర్వాతి ఏడాది బాపట్ల దగ్గర ఒక ఊళ్ళో తిరునాళ్ళు. ఆ రోజు ఎస్.ఐ. స్వయంగా వస్తున్నాడని తెలిసింది. మధ్యాహ్నానికి చీరాల నటికి జ్వరమని కబురు. పట్టపురాణి లేకపోతే నాటకం లేదు. నాటకం లేకపోతే డాన్సుకు ముసుగు లేదు. పెద్దలు తలలు పట్టుకుని కూర్చున్నారు.

“నేను కడతానండి రాణి వేషం,” అంది ఆమె, స్టేజీ మీద సుత్తి పట్టుకునే.

“పద్యాలొచ్చా నీకు?” అన్నాను.

“ఇన్నేళ్ళు తెర ఎనకాల నిలబడి ఇంటున్నా. రాకపోడానికి నేనేమన్నా గుంజనా మాస్టారూ?”

వేషం కట్టింది. ఆదివారాలు చర్చిలో పాడి సాన పట్టిన గొంతు అది. మొదటి పద్యం ఎత్తుకోగానే నా చేతులు హార్మోనియం మీద ఒక్క క్షణం వెనకబడ్డాయి. జనం ‘వన్స్ మోర్’ అన్నారు. మళ్ళీ పాడింది. మళ్ళీ అన్నారు. మూడోసారి అన్నవాళ్ళలో ఎస్.ఐ. కూడా ఉన్నాడు. మా మండలి చరిత్రలో ఒక పద్యానికి మూడు వన్స్‌మోర్లు పడటం అదొక్కసారే.

దృశ్యం అయ్యాక నటీనటుల పేర్లు మైకులో చదవడం నా వంతు. డాన్సరు రాణి వేషం వేసిందంటే ఊరు ఏమంటుందో అనుకున్నాను. నన్ను ఎవరూ బెదిరించలేదు, ఎవరూ అడగనైనా లేదు. నా అంతట నేనే చీరాల నటి పేరు చదివాను. ఆమె తెర పక్కన కిరీటం తీస్తూ విన్నది. ఎస్.ఐ. జీపు మలుపు తిరిగిన పది నిమిషాల్లో బనీను గుడ్డ వేసుకుని మళ్ళీ స్టేజీ మీదికి వచ్చింది.

రాణి వేషం మారిన సంగతి తెలియని ముసలాయన ఒకాయన నా చెవిలో అన్నాడు: “ఏవండీ మాస్టారూ, రాణి వేసిన ఆవిడ ఎంత నిండుగా ఉంది! అంత మంచి కళాకారిణిని పెట్టుకుని, ఈ గంతులేసేదాన్ని ఎందుకండీ వెంటేసుకు తిరుగుతారు?”

“నిజమేనండి,” అన్నాను.

అంతటితో పోనిచ్చినా బాగుండేది. ఆ మూడు వన్స్‌మోర్ల సంగతి ఊళ్ళన్నీ పాకి, చీరాల నటికి తెనాలిలో సన్మానం చేశారు. సన్మాన పత్రం రాసింది నేనే. ఆ రోజు పాడిన తీరును మంచి మాటలతో రెండు పేరాలు వర్ణించాను. శాలువా కప్పుతుంటే చీరాల నటి నా వైపు చూసింది, నేను హార్మోనియం వైపు చూశాను. చివరి వరసలో కూర్చుని చప్పట్లు కొట్టిన వాళ్ళలో మా చెలికత్తె కూడా ఉంది.

తర్వాత రికార్డింగ్ డాన్సులకు కాలం మారింది. ఆమె మోకాళ్ళు కూడా అరిగిపోయాయి. నేను రిటైరై, మా పేటలో సంస్కృతి పరిరక్షణ సంఘానికి అధ్యక్షుణ్ణయ్యాను. తిరునాళ్ళలో అశ్లీల నృత్యాలు ఆపించమని పోలీసులకు అర్జీలు రాయడం సంఘం పని. అర్జీలు రాయడంలో నాకున్న అనుభవం తక్కువది కాదు కదా.

కిందటి వేసవిలో ఆమె తెనాలిలో మా ఇంటికి వచ్చింది. చేతిలో కళాకారుల పింఛను దరఖాస్తు. భర్త ఏనాడో పోయాడు. ఇళ్ళలో పని చేద్దామంటే కూర్చుని లేవలేదు. నాటకాల్లో నటించినట్టు ఒక మండలి కార్యదర్శి ధ్రువీకరించాలట. మా మండలికి కాగితం మీద ఇప్పటికీ కార్యదర్శిని నేనే. గడువు పది రోజులే ఉంది.

“ఇది ఒక్కటే ఆధారం మాస్టారూ,” అంది.

నేను కాగితం రెండువైపులా తిప్పి చూశాను. అశ్లీల నృత్యాలు ఆపమనే సంతకం, ఈ సంతకం ఒకే చోట చేరితే నా పరువేం కావాలని ఆలోచిస్తున్నాను. రైల్లో ఆమె చెప్పిన ట్యూబ్‌లైట్ మాట కూడా లోపలెక్కడో ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. ఇది ఒప్పుకోవడం కష్టం, కానీ ఉంది.

“నేను అబద్ధం రాయలేనమ్మా. నువ్వు నటివి కాదు కదా,” అన్నాను.

“ఇన్నేళ్ళు నన్ను చెలికత్తె అని రాసిందెవరండి?”

“అది పోలీసులకి.”

“వాళ్ళూ గవర్నమెంటే కదండి.”

ఆమె గొంతు తగ్గించింది. “పోనీ, బాపట్ల కాడ రాణి వేషం గుర్తుందా మాస్టారూ?”

“గుర్తు లేదమ్మా.”

నా అబద్ధాలన్నిటిలో ఇది పెద్దది. దీని మీద సంతకం లేదు, అంతే. ఆమె దరఖాస్తు మడిచి, మా ఆవిడ ఇచ్చిన టీ నిలబడే తాగి, “వస్తానక్కయ్యా” అని మెట్లు దిగింది. ఒక్కొక్క మెట్టూ గోడ పట్టుకుని దిగింది.

మా ఆవిడ గ్లాసు తీస్తూ అంది: “ఇరవై ఏళ్ళు పోలీసులకి పెట్టిన సంతకమేగా. ఈ ఒక్కదానికి చెయ్యి నొప్పెట్టిందా మీకు?”

రెండు రోజులు భోజనాల దగ్గర మా ఆవిడది అదే మాట. మూడో రోజు బల్ల ముందు కూర్చున్నాను. నాలుగు వాక్యాలు రాద్దామని మొదలుపెడితే మూడు పేజీలయింది. బాపట్ల దగ్గర ఏం జరిగిందో, మైకులో ఎవరి పేరు చదివానో, సన్మాన పత్రం ఎవరికి రాశానో, అంతా. ఇంత నిజాయితీగా రాసినందుకు నా మీద నాకే కొంచెం గౌరవం కలిగింది. ఆ గౌరవంతోనే రేపల్లె రైలెక్కాను.

ఆమె గుమ్మంలో కూర్చుని కళ్ళజోడు పెట్టుకుని మూడు పేజీలూ చదివింది. చివర్న నవ్వింది.

“ఇది ఆఫీసులో ఇస్తే నాకు పింఛనీ రాదు, మీకు కేసొస్తది. నాలుగు లైన్లు రాయండి మాస్టారూ. పాతవి బాగా రాసేవారుగా.”

రాశాను. ఈమె మా మండలి నాటకంలో పాత్ర ధరించిన రంగస్థల కళాకారిణి అని ధ్రువీకరించడమైనది. మా లెటర్‌హెడ్ మీద ఆమె గురించి మొదటిసారి నిజం పడింది. చూడటానికి అచ్చం పాత అబద్ధాలలాగే ఉంది.

“మరి ఇది?” అన్నాను మూడు పేజీలు చూపిస్తూ.

“తప్పు మైకులో కదా చెప్పింది. మైకులోనే దిద్దండి. క్రిస్మస్‌కి మా చర్చిలో పెడతారు. కబురు చేస్తాను.”

డిసెంబరులో కబురు వచ్చింది. ఒక మధ్యాహ్నం వెళ్ళాను. చర్చి వెనక హాల్లో పది పన్నెండు మంది ఆడవాళ్ళు పండగ కార్యక్రమానికి డాన్సు నేర్చుకుంటున్నారు. ఆమె కుర్చీలో కూర్చుని చేతులతోనే నేర్పిస్తోంది. నన్ను చూసి పర్సులోంచి కార్డు తీసి చూపించింది. పింఛను మంజూరైంది. కార్డు మీద ‘రంగస్థల నటి’ అని ఉంది. ఒక్క రోజు వేసిన వేషం.

మైకు నా చేతికిచ్చింది. గొంతు సవరించుకున్నాను. బాపట్ల దగ్గర ఫలానా నాటకంలో పట్టపురాణిగా మూడు వన్స్‌మోర్లు కొట్టించింది ఈమేననీ, ఆ రోజు వేరే పేరు చదివింది నేనేననీ చెప్పాను. ఆమె పేరు ఇంటిపేరుతో సహా పలికాను. ఇక్కడ రాయడం లేదు. ఇదంతా రాస్తానంటే, పుస్తకంలో పేరు వద్దని ఆమే అంది.

“మైక్ టెస్టింగా అండీ?” అని వెనక వరసలో ఒకామె అడిగింది.

“కాదొదినా, ఆంటీ గురించి చెబుతున్నారు,” అంది ఇంకొకామె.

నేను బరువు దిగినవాడిలా మైకు దించాను. ఆమె మాత్రం నా వైపే చూస్తోంది. “మరి డాన్సు సంగతి ఎత్తలేదేంటి మాస్టారూ? ఒక్క పూట వేషం గుర్తొచ్చింది. ఇరవై ఏళ్ళ డాన్సు మళ్ళీ మింగేశారు.”

“ఇది చర్చి కదమ్మా,” అన్నాను మెల్లగా.

“ఈళ్ళకి నేను నేర్పుతుంది ఏంటనుకున్నారు, హార్మోనియమా?”

హాలంతా నవ్వింది. వాళ్ళందరికీ అన్నీ తెలుసు. అక్కడ దాచిపెడుతున్నవాణ్ణి నేనొక్కణ్ణే. మళ్ళీ మైకు ఎత్తాను. ఈలోపు పాటలు పాడేవాళ్ళు దాని తీగ పీకి, ఆంప్లిఫయర్‌ని అవతలి గదిలోకి తీసుకుపోయారు.

“నోటితో చెప్పండి, చాలు,” అంది.

చెప్పాను. ఈమె రికార్డింగ్ డాన్సరు, నేను చూసిన కళాకారుల్లో పని తెలిసిన మనిషి ఈమే అన్నాను. మైకు లేకుండా నా గొంతు ఎంత చిన్నదో అప్పుడు తెలిసింది.

“సరే,” అని ఆమె ఆడవాళ్ళ వైపు తిరిగింది. “లేవండమ్మా, మళ్ళీ మొదట్నించి. తిరిగేటప్పుడు కళ్ళు ట్యూబ్‌లైట్ మీద పెట్టండి. కింద ఎవరున్నారో చూడమాకండి.”

తలెత్తి చూశాను. ట్యూబ్‌లైట్ సరిగ్గా నా నెత్తి మీదే ఉంది. పక్కకు జరిగాను.