ఇప్పచెట్టు కింద అమ్మ

మొన్న భూపాలపల్లి సంతలో ఎండిన ఇప్పపువ్వు వాసన తగిలి, నా తొమ్మిదో ఏటి ఒక ఉదయం గుర్తొచ్చింది.

ఆ ఎండాకాలం మా చంటి తమ్ముడు చనిపోయాడు. అమ్మ ఏడవలేదు, మాట్లాడలేదు. గోడవైపు తిరిగి పడుకునేది. మా అవ్వ, అంటే నాయిన తల్లి, రోజూ తెల్లవారుతూనే ఆమెను లేపి, అడవి అంచున మా ఇంటివాళ్లు పువ్వు ఏరుకునే ఇప్పచెట్టు కిందికి తీసుకుపోయేది. అమ్మకు ఈ కష్టం ఎందుకని, ఒకరోజు నేనే ముందుగా వెళ్లి, రాలిన పువ్వంతా గంపలోకి ఏరేశాను.

అవ్వ వచ్చి గంప చూసి నెత్తి కొట్టుకుంది.

"ఎవలు ఏరమన్నరే నిన్ను? పువ్వు కోసమానే నేను దాన్ని తోల్కచ్చేది?"

వెనకాల వస్తున్న అమ్మ చేరేలోపే గంపంతా మళ్లీ చెట్టు కింద చల్లేసింది.

అమ్మ కూర్చుని ఒక్కొక్క పువ్వూ ఏరసాగింది. కాసేపటికి ఆమె భుజాలు కదిలాయి.

"అవ్వా, అమ్మ ఏడుస్తాంది!"

పరుగెత్తబోయిన నన్ను అవ్వ పట్టుకుంది. "ఏడ్వనియ్యి బిడ్డా. నెల సంది కడుపుల్నే దాసుకున్నది."

అమ్మను ఏడిపించిందని నేను ఆ ఎండాకాలమంతా అవ్వతో మాట్లాడలేదు. ఆమె ఒక్కసారి కూడా బుజ్జగించలేదు, సంజాయిషీ చెప్పలేదు. నాకు సంగతి అర్థమయ్యే నాటికి అవ్వ లేదు.